పసుపు మళ్ళీ పసుపైతే అది భౌతిక మార్పేనా?

అమ్మా, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ పాప ఏడో తరగతి. పరీక్షలో "పసుపులో సున్నం కలిపితే ఎర్రబడటం ఏ రకం మార్పు? కారణం రాయండి" అని ఇచ్చారు. "నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు రంగే వస్తుంది కాబట్టి భౌతిక మార్పు" అని పాప రాసింది. మార్కు రాలేదు. మీరు పుస్తకం తిరగేస్తే తిరిగి పొందగలిగేవి భౌతిక మార్పులనే కనిపించింది. మరి తప్పెక్కడుంది? సిమెంటు ఆరడం, డబ్బాలో కర్పూరం తరిగిపోవడం, ఇలాంటివి ఏ ఖాతాలో వేయాలి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా ఈ పాఠం చెప్పాను. ప్రతి ఏడూ క్లాసులో ఒకరిద్దరు సరిగ్గా మీ పాప రాసిందే రాసేవారు. వాళ్ళు చురుకైన పిల్లలే అయ్యేవారు కూడా. ఎందుకంటే నిమ్మరసం పిండితే రంగు తిరిగొస్తుందని తెలియాలంటే ఎప్పుడో ఒకసారి పిండి చూసి ఉండాలి. జవాబు తప్పే, రసాయన మార్పు అని రాయాలి. కానీ పాప చేసింది చేతికిచ్చిన సూత్రాన్ని చక్కగా వాడటం. ఆ సూత్రంలోనే లోపం ఉంది.

పాఠంలో "భౌతిక మార్పులు సాధారణంగా తిరిగి పొందగలిగేవి" అని ఉంటుంది. ఆ "సాధారణంగా" అన్న మాట నోట్సులోకి వచ్చేసరికి రాలిపోతుంది, గైడులో అసలే ఉండదు. చివరికి పిల్లల నోట మిగిలేది "తిరిగొస్తే భౌతికం, రాకపోతే రసాయనికం" అన్న ముక్క ఒక్కటే. ఇది నోటికి పట్టినంత తేలిగ్గా వదలదు. ఇంటర్ కెమిస్ట్రీ చదివే పిల్లలు కూడా దీన్ని పట్టుకునే ఉండటం చూశాను.

ముందు పసుపు సంగతే చూద్దాం. మనవైపు పెళ్ళిలో పారాణి పెట్టినా, దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళు కలిపినా అది ఇదే ప్రయోగం. పసుపులో కర్క్యుమిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. సున్నం క్షారం. అది కర్క్యుమిన్ అణువులోంచి హైడ్రోజన్‌ను ఎలక్ట్రాన్ లేకుండా, అంటే ప్రోటాన్‌గా లాగేసుకుంటుంది. అలా లాగేశాక మిగిలినది మునుపటి కర్క్యుమిన్ కాదు. వెలుతురును అది పీల్చుకునే తీరు వేరు, అందుకే మన కంటికి ఎర్రగా కనిపిస్తుంది. నిమ్మరసం ఆమ్లం. అది పోయిన ప్రోటాన్‌ను తిరిగి ఇస్తుంది, పసుపు రంగు వస్తుంది. అంటే ఇక్కడ జరిగింది ఒక రసాయన మార్పు, దాని వెనకే ఇంకో రసాయన మార్పు. పొద్దున్న విశాఖపట్నం వెళ్ళి రాత్రికి ఇంటికొచ్చిన మనిషిని విశాఖ వెళ్ళనే లేదని అనలేం కదా.

దీంట్లోనే ఇంకో సంగతి ఉంది. క్లాసులో దీని దగ్గర నేను చాలాసేపు ఆగేవాణ్ణి. ఒక గాజు గ్లాసులో పసుపు నీళ్ళు, పక్కన ఆకుమీద చిటికెడు తడి సున్నం పెట్టేవాణ్ణి. పుల్లతో సున్నం తీసి గ్లాసులో తిప్పగానే నీళ్ళు రక్తంలా అయ్యేవి. తర్వాత నిమ్మచెక్క పిండుతూ పోతే, చుక్క పడ్డచోట ముందు పసుపు మచ్చ వచ్చి, తిప్పితే మాయమై, ఇంకా పిండగా పిండగా ఒక్కసారిగా గ్లాసంతా పసుపైపోయేది. పిల్లలు "వచ్చీసింది మేస్టారూ" అని అరిచేవారు. అప్పుడు అడిగేవాణ్ణి, "ఏటి వచ్చీసింది? రంగు వచ్చింది. మరి సున్నం వచ్చిందా? నిమ్మరసంలో పులుపు వచ్చిందా?" అని. క్లాసు కాసేపు నిశ్శబ్దం. సున్నం, నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం రెండూ కలిసి కాల్షియం సిట్రేట్ అనే లవణంగా మారిపోయాయి. మళ్ళీ ఎర్రగా చేయాలంటే కొత్తగా ఇంకో చిటికెడు సున్నం వేయాల్సిందే. కంటికి కనిపించిన రంగు ఒక్కటే వెనక్కి వచ్చింది, మిగతా సరుకంతా ఖర్చయిపోయింది.

ఇంట్లో తెల్ల చొక్కా మీద పులుసు మరక పడ్డప్పుడు కూడా మీరు దీన్ని చూసే ఉంటారు. బట్టల సబ్బు రాస్తే మరక ఎర్రబడుతుంది, జాడిస్తే మళ్ళీ పసుపు. ఆ చొక్కాను రెండు మూడు రోజులు మండుటెండలో ఆరేస్తే మరక వెలిసిపోతుంది. ఎండ ఆ అణువునే ముక్కలు చేస్తుంది. ఆ మరక మీద ఆ తర్వాత ఎంత సబ్బు రాసినా ఎర్రబడదు. ఎర్రబడటానికి అక్కడ కర్క్యుమిన్ ఉండాలి కదా.

కాబట్టి పాపకు నేర్పాల్సిన ప్రశ్న "తిరిగి వస్తుందా?" అని కాదు. "ముందు ఏ పదార్థం ఉంది? ఇప్పుడు కూడా అదే ఉందా?" అని అడగాలి. ఆకారం, పరిమాణం, స్థితి మారి పదార్థం అదే ఉంటే భౌతిక మార్పు. పదార్థమే వేరైతే రసాయన మార్పు. తిరిగి రావడం, రాకపోవడం ఈ ప్రశ్నకు ఒక ఆధారం మాత్రమే, అదీ బలహీనమైన ఆధారం.

ఎంత బలహీనమో పలాస వెళ్తే తెలుస్తుంది. జీడిపప్పు కార్ఖానాల్లో గుండుపప్పు ఒక ధర, బద్ద ఒక ధర, ముక్క ఇంకో ధర. గుండు చేతిలో విరిగి బద్దలైతే దాన్ని మళ్ళీ అతికించే మొనగాడు లేడు. అంత మాత్రాన రసాయన మార్పు అయిపోయిందా? బద్దలోనూ అదే పప్పు, అదే రుచి, అదే నూనె. చోళ్ళు, అంటే రాగులు, మరలో వేసి చోడి పిండి పట్టిస్తే పిండి మళ్ళీ చోళ్ళు కాదు. పొందూరు ఖద్దరు పంచె మేకుకు పట్టుకుని చిరిగితే చిరిగినట్టే. తిరిగిరాని భౌతిక మార్పులు మన చుట్టూ కుప్పలుతెప్పలు.

అదే జీడిగింజ తొక్కలో జిగురు లాంటి నూనె ఉంటుంది, చేతికి తగిలితే చర్మం పొక్కిపోతుంది. గింజలు కొట్టేవాళ్ళు చేతులకు ఆముదమో బూడిదో రాసుకునేది అందుకే. ఆ నూనెలో ఎక్కువగా ఉండేది అనకార్డిక్ ఆమ్లం. బాగా వేడి చేస్తే దాంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ వెళ్ళిపోయి కార్డనాల్ అనే వేరే పదార్థం అవుతుంది. పైకి చూస్తే ముందూ నల్లటి జిడ్డే, తర్వాతా నల్లటి జిడ్డే. కంటికి ఏమీ మారినట్టుండదు, లోపల పదార్థమే మారిపోయింది. పప్పు విరగడం కంటికి పెద్ద మార్పు, పదార్థానికి ఏ మార్పూ కాదు. ఈ రెండూ ఒకే కార్ఖానాలో పక్కపక్కన జరుగుతాయి.

ఇటువైపు తిరిగొచ్చే రసాయన మార్పులు కూడా తక్కువేం కాదు. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉందనుకోండి. కరెంటు వాడుకుంటున్నప్పుడు అందులోని సీసం పలకలు, లెడ్ డయాక్సైడ్ పలకలు గంధకామ్లంతో కలిసి లెడ్ సల్ఫేట్ అవుతాయి. చార్జింగ్ పెడితే మళ్ళీ సీసం, లెడ్ డయాక్సైడ్, ఆమ్లం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక మా ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాటరీలన్నీ దిగిపోయాయి. కరెంటు వచ్చాక పిల్లలకు ఈ ఉదాహరణ చెబితే ఆ ఏడాది అర్థమైనంత బాగా మరే ఏడాదీ అర్థం కాలేదు.

ఇంకొకటి మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్. నీలం పలుకుల్ని వేడి చేస్తే వాటిలో బంధించి ఉన్న నీరు పోయి తెల్లటి పొడి మిగులుతుంది. చల్లారాక నాలుగు చుక్కల నీళ్ళు వేస్తే చురుక్కుమని వేడెక్కి మళ్ళీ నీలం. పుస్తకాలు దీన్ని రసాయన మార్పుగానే చెబుతాయి.

మైలుతుత్తం మాట వచ్చింది కాబట్టి ఉద్దానం కొబ్బరి రైతు చేసే పరీక్ష ఒకటి చెప్పాలి. మొవ్వు కుళ్ళు తెగులుకు బోర్డో మిశ్రమం కలుపుతారు. ఒక శాతం మిశ్రమానికి వంద లీటర్ల నీళ్ళకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం. విడివిడిగా కరిగించి, ఇనుప పాత్ర తగలకుండా ప్లాస్టిక్ డ్రమ్ములోనో కుండలోనో కలుపుతారు. కలిపాక శుభ్రంగా తోమిన కొడవలి మొన కాసేపు అందులో ముంచి తీస్తారు. ఇనుము మీద ఎర్రటి పూత పట్టిందా, ఇంకా సున్నం వేయాలి. పట్టలేదా, పిచికారీకి సిద్ధం. ఆ ఎర్రపూత అసలు సిసలు రాగి. సున్నం చాలక కలవకుండా మిగిలిన మైలుతుత్తంలోంచి ఇనుము రాగిని బయటికి నెట్టి, తాను ద్రావణంలోకి పోయింది. పదో తరగతిలో స్థానభ్రంశ చర్య అని ఇనుప మేకుతో చేయించే ప్రయోగం ఇదే. బడి మెట్లెక్కని రైతు దాన్ని కొడవలితో చేస్తున్నాడు, దాని ఫలితం చూసి నిర్ణయం కూడా తీసుకుంటున్నాడు. "కొత్త పదార్థం ఏర్పడిందా?" అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఈ ప్రాంతంలో దొరకలేదు.

గుర్తుల సంగతికి వద్దాం. రంగు మారడం, బుడగలు రావడం, వేడి పుట్టడం, అడుగున తెల్లగా పేరుకోవడం, ఇవి రసాయన మార్పుకు గుర్తులని పాఠంలో ఉంటుంది. పోలీసుకు అనుమానం రావడానికి ఇవి పనికొస్తాయి, శిక్ష వేయడానికి చాలవు. గోలీసోడా కొడితే బుస్సుమని బుడగలు. ఒత్తిడి పెట్టి నీళ్ళలో కరిగించిన కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి తగ్గగానే బయటికొస్తోంది, అంతే. దాన్ని భౌతిక మార్పు కిందే తీసుకుంటాం. నిమ్మరసంలో వంటసోడా వేసినా బుస్సుమని అదే వాయువు. కానీ అక్కడ ఆ వాయువు ముందు లేదు, సోడా ఆమ్లంతో కలిశాకే పుట్టింది. ఇది రసాయన మార్పు. పొయ్యి మీద మరిగే నీళ్ళలో బుడగలు వట్టి ఆవిరి. మూడు చోట్లా బుడగే. అది ఏ వాయువు, ముందే ఉందా ఇప్పుడు పుట్టిందా అన్నదే మనం అడగాల్సింది. అలాగే కరెంటు హీటరు తీగ ఎర్రగా వెలుగుతూ వేడినిస్తుంది, ఆపేస్తే అదే తీగ. రంగు, వెలుతురు, వేడి మూడూ ఉన్నా భౌతిక మార్పే.

తెల్లగా పేరుకోవడానికి నౌపడ ఉప్పు మళ్ళు చూపించేవాణ్ణి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. మడిలో నీరు ఎండకు ఆవిరై చిక్కబడేకొద్దీ ఉప్పు పలుకు కడుతుంది. ఆ ఉప్పు ముందు నీటిలో ఉన్నదే. ఇప్పుడు మీ ఇంట్లో బోరు నీళ్ళు కాచే కాగుబిందె అడుగు చూడండి, అక్కడా తెల్లటి పెంకు. ఇదీ నీళ్ళు పోగా మిగిలిన ఉప్పులాగే ఉంది కదా అనిపిస్తుంది. కాదు. ఆ నీటిలో కరిగి ఉన్నది కాల్షియం బైకార్బొనేట్. వేడికి అది విడిపోయి కార్బన్ డయాక్సైడ్ పోయి, నీటిలో కరగని కాల్షియం కార్బొనేట్ అడుగున పట్టింది. నమ్మకం కలగకపోతే పరీక్ష తేలిక. మడిలో ఉప్పు మంచినీళ్ళు పోస్తే కరిగిపోతుంది. కాగు అడుగు పెంకు ఎన్ని నీళ్ళు పోసినా కదలదు, నిమ్మరసం పోస్తే మాత్రం చిన్న చిన్న బుడగలతో వదులుతుంది. పాప చేత ఇది చేయించండి, ఖర్చు ఒక నిమ్మకాయ.

మన భాష కూడా ఇక్కడ పిల్లల్ని కొంచెం ఇబ్బంది పెడుతుంది. "కరగడం" అనే ఒక్క మాటను మనం మూడింటికి వాడతాం. మంచు కరిగింది, పంచదార నీళ్ళలో కరిగింది, గుడ్డు పెంకు వెనిగర్‌లో కరిగింది. మొదటిది ఘనం ద్రవం కావడం. రెండోది కలిసిపోవడం, నీరు ఆర్పితే పంచదార మళ్ళీ దొరుకుతుంది. మూడోదాంట్లో పెంకు ఆమ్లంతో చర్య జరిపి వేరే లవణమైపోయింది, ఆ నీటిని ఎంత ఆర్పినా పెంకు రాదు. మొదటి రెండూ భౌతికం, మూడోది రసాయనికం. మాట ఒక్కటే కాబట్టి పిల్లలు మూడూ ఒకటే అనుకుంటారు.

ఇంతకంటే చిక్కైన మాట "ఆరడం". మీ సిమెంటు ప్రశ్న ఇక్కడిదే. తీగ మీద బట్ట ఆరింది అంటే నీరు పోయింది, బట్ట అదే. సిమెంటు ఆరింది అంటున్నాం గానీ సిమెంటు నీరు పోవడం వల్ల గట్టిపడదు. నీటితో కలిసి గట్టిపడుతుంది. సిమెంటులోని కాల్షియం సిలికేట్లు నీటితో చర్య జరిపి, ఒకదాన్నొకటి పెనవేసుకునే కొత్త పదార్థాలుగా మారతాయి. శ్లాబు వేశాక తాపీమేస్త్రి దాని మీద చిన్న చిన్న మడులు కట్టి నీళ్ళు నిలబెడతాడు. ఆరడమే కావాలనుకుంటే ఆ నీళ్ళెందుకు? నీరు ముందే పోతే చర్య సగంలో ఆగి, శ్లాబు బలం తగ్గి, పైన నెర్రెలు వస్తాయి. కాంక్రీటు బలాన్ని 28 రోజులకు పరీక్షించడం కూడా ఆ చర్య నెమ్మదిగా సాగుతుంది కాబట్టే. ఇంకా సాక్ష్యం కావాలంటే, వానాకాలంలో గోడవార పెట్టి మరిచిపోయిన సిమెంటు బస్తా గుర్తు తెచ్చుకోండి. గాలిలో చెమ్మ పీల్చి బండరాయి అవుతుంది. దాన్ని దంచి పొడి చేసి మళ్ళీ నీళ్ళు కలిపితే పట్టదు. అది సిమెంటు కాదిక.

ఈ "ఆరడం" గురించి చెప్పడంలో మొదట్లో నాకూ పొరపాటు జరిగింది. గోడకు సున్నం వేస్తే ఆరిపోవడం భౌతిక మార్పు అని చాలా కాలం చెప్పాను. సగమే నిజం. తీరం వెంట ఊళ్ళలో గుల్ల కాల్చి సున్నం చేసేవారు. గుల్ల అంటే కాల్షియం కార్బొనేట్, 900 డిగ్రీల దగ్గర వేడికి కార్బన్ డయాక్సైడ్ పోయి పొడిసున్నం మిగులుతుంది. స్వచ్ఛమైన గుల్ల వంద కిలోలు కాలిస్తే లెక్క ప్రకారం 56 కిలోల సున్నం, మిగతా 44 కిలోలు గాలిలోకి. కాలిన గుల్లను పట్టుకుంటే ఆకారం అదే, తెల్లదనం అదే, బరువు మాత్రం సగానికి దగ్గర. నీళ్ళు చల్లితే కుతకుతమని ఉడికి, ఆవిర్లు కక్కి, పొడిపొడిగా రాలిపోతుంది. చెయ్యి పెడితే కాలుతుంది, ముఖం దగ్గరగా పెట్టకూడదు. ఆ తడి సున్నం గోడకు పూశాక నీరు ఆవిరవుతుంది, ఇది భౌతికం. కానీ అక్కడితో ఆగదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని నెమ్మదిగా మళ్ళీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అంటే కొలిమిలో పోయినదాన్ని గోడ మీద తిరిగి తెచ్చుకుంటుంది, సముద్రంలో గుల్లగా ఉన్న పదార్థమే మళ్ళీ గోడ మీద పొరగా నిలుస్తుంది. మొత్తం చక్రం తిరిగొచ్చింది, దారిలో నీరు ఆవిరవడం తప్ప ప్రతి మజిలీ రసాయన మార్పే. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి పారాణి తర్వాత నాకు ఇష్టమైన ఉదాహరణ ఇదే.

నిజజీవితంలో మార్పులు "ఇది భౌతికం, అది రసాయనికం" అని చీటీ తగిలించుకుని రావు. రెండూ ఒకే పాత్రలో జరుగుతాయి. చెరకు కొట్టే రోజుల్లో బెల్లం పెనం దగ్గర గంటసేపు నిలబడితే చాలు. చెరకు ఆడి రసం తీయడం భౌతికం. రసంలో కాస్త సున్నపుతేట పోస్తారు. అది పులుపును విరిచి, మలినాలను తెట్టులా పైకి తేల్చడానికి సాయపడుతుంది. ఇది రసాయనికం. తెట్టు జల్లెడ గరిటెతో తీసేయడం భౌతికం. కింద చెరకు పిప్పి మండటం రసాయనికం, పైన నీరు ఆవిరై పోవడం భౌతికం. పాకం 118 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి రంగు తేనెలా, తర్వాత ఇటుకలా మారుతుంది. ఆ రంగు, ఆ కమ్మటి వాసన రసంలో లేవు. చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడికి చర్య జరిపి పుట్టించినవి. ఆ దశలో పాకం చుక్క చల్లనీళ్ళలో వేసి వేళ్ళతో ఉండ కట్టి చూస్తారు. ఉండ నిలిస్తే పెనం దించి తొట్టిలో పోసి కలుపుతారు. కలిపేకొద్దీ చక్కెర పలుకు కట్టి దిమ్మ బిగుస్తుంది, ఇది మళ్ళీ భౌతికం.

కొట్టిన చెరకు రెండు మూడు రోజులు కుప్పలో పడి ఉంటే బెల్లం సరిగా పట్టదు, జావకారుతుంది. పెనం దగ్గరున్న ముసలాయన "చెరుకు పులిసిపోనాది, పాకం కట్టదు" అంటాడు. ఆ కుప్పలోనే చక్కెర గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది, అవి తేలిగ్గా పలుకు కట్టవు. ముందు జరిగిన రసాయన మార్పు తర్వాత జరగాల్సిన భౌతిక మార్పును చెడగొట్టిందన్నమాట. రసంలో సున్నం పోయడానికి ఒక కారణం కూడా ఇదే, పులుపు ఉంటే పెనంలోనూ ఆ విడిపోవడం సాగుతుంది. అలా విడిపోయిన బెల్లమే వానాకాలంలో చెమ్మ ఎక్కువ లాగి కారిపోయేది.

వంటింట్లో మిగతావి మీరే చెప్పగలరు. పాలు తోడుకోవడం రసాయనికం, బ్యాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. మజ్జిగ చిలికి వెన్న తీయడం భౌతికం, ఆ కొవ్వు ముందే ఉంది. రాత్రి అన్నం తరవాణిలో పులవడం రసాయనికం. నెయ్యి పేరుకోవడం భౌతికం, ఆ నెయ్యే ముక్కవాసన వస్తే రసాయనికం.

అన్నం ఉడకడం, ఉప్పు నీటిలో కరగడం లాంటివి గట్టిగా అడిగితే తేలిగ్గా తెగవు. ఉప్పు కరిగినప్పుడు సోడియం, క్లోరైడ్ అయాన్లు విడిపోయి నీటి అణువుల మధ్య చేరతాయి, అంటే పలుకులో వాటిని పట్టి ఉంచిన బంధం తెగుతుంది. అయినా ఆర్పితే అదే ఉప్పు వస్తుంది కాబట్టి బడిలో భౌతికం అంటాం. అన్నంలో పిండిపదార్థపు గింజలు నీరు పీల్చి ఉబ్బి పగులుతాయి, ఆ పిండిపదార్థం చాలావరకు అదే. కానీ బియ్యం తేలిగ్గా అరగదు, అన్నం అరుగుతుంది. బడి పుస్తకాలు వండటాన్ని రసాయన మార్పు అంటాయి, పాప కూడా అలాగే రాయవచ్చు. ఈ హద్దు మన సౌకర్యానికి మనం గీసుకున్నది, కొన్నిచోట్ల గీత పలచగా ఉంటుంది. ఏడో తరగతి పిల్లకు కూడా ఈ సంగతి చెప్పవచ్చు, కంగారుపడదు.

పరీక్ష మాటకొస్తే, కారణం రాయమన్నప్పుడు "తిరిగి వస్తుంది, రాదు" అని రాయవద్దనండి. "కొత్త పదార్థం ఏర్పడింది" లేదా "ఏర్పడలేదు, అదే పదార్థం స్థితి మారింది" అని రాసి, ఆ పదార్థం పేరు తెలిస్తే చేర్చమనండి. మీరు వీలైతే ఒకసారి బడికి వెళ్ళి టీచరుగారితో మాట్లాడండి. మార్కు కోసం కాదు. నిమ్మరసం సంగతి పాప సొంతంగా చూసి రాసిందని వారికి తెలిస్తే, ఆ జవాబునే క్లాసులో పెట్టి అందరికీ చెప్పడానికి బాగుంటుంది.

ఇక కర్పూరం. డబ్బాలో బిళ్ళలు చిన్నవైపోవడం భౌతిక మార్పు. కర్పూరం ద్రవం కాకుండానే ఆవిరవుతుంది, దాన్నే ఉత్పతనం అంటాం. డబ్బా తీయగానే వచ్చే వాసన ఆ ఆవిరిదే. కొన్నాళ్ళు కదపకుండా ఉంచిన డబ్బా మూత లోపలి వైపు పాపను వెలుతురులో చూడమనండి. సన్నటి మెరిసే పలుకులు అంటుకుని ఉంటాయి. బిళ్ళలోంచి ఆవిరై పైకి వెళ్ళి, మూతకు తగిలి మళ్ళీ గట్టిపడ్డ కర్పూరమే అది. గోటితో గీరి వాసన చూస్తే తెలుస్తుంది. మీరు దగ్గరుండి ఆ గీరినదాన్ని హారతి పళ్ళెంలో వేసి వెలిగించండి, బిళ్ళ ఎలా మండుతుందో అలాగే మండుతుంది. మంట ఆరాక పళ్ళెం మీద నల్లటి మసి మిగులుతుంది. దాన్నీ గీరి వాసన చూడమనండి, మళ్ళీ వెలిగించి చూపించండి. కర్పూరం వాసన ఉండదు, అగ్గిపుల్ల పెట్టినా కర్పూరంలా అంటుకోదు.